మూత తుడిచిన చెయ్యి

"వదినా, నాలుగింటికి అరెస్టు చేస్తున్నాను. ఈలోగా నువ్వు మంచాల కింద దూరతావో, గోడలకి చెవి ఆనిస్తావో నీ ఇష్టం."

మగవాళ్ళ వార్డు గుమ్మానికి అడ్డంగా నిలబడి ఇన్‌స్పెక్టర్ అన్న మాట ఇది. డిటెక్టివ్ గడియారం చూసుకుంది. పన్నెండుంబావు. సొంత మరిదిని పక్కకు తోసి లోపలికి వెళ్ళే హక్కు వదినకు ఎలాగూ ఉంది కాబట్టి ఆమె ఆ హక్కును వాడుకుంది.

"నీ దగ్గర ఏముందో చెప్పు."

"ఏం లేదు అనుకుంటున్నావా? తొమ్మిది రోజుల్లో నలుగురు పేషెంట్ల రక్తంలో ఒకటే క్రిమి. మనిషి ఒంట్లో ఉండేది కాదట, తడిలో బతికేదట. నలుగురికీ రక్తం తీసింది ఒక్క మనిషే. నాలుగో ఆయన, ఆరో నంబరు మంచం పెద్దాయన, పోయాడు కూడా. అదే తొమ్మిది రోజుల్లో మిగతా సిస్టర్లు పదకొండు మందికి తీశారు. పదకొండూ శుభ్రం. ఆవిడ ముట్టుకున్న నాలుగూ మురికి. సూదితో మురికినీళ్ళు ఎక్కించింది, అంతే."

"ఎందుకు ఎక్కించింది?"

"అది స్టేషన్లో చెబుతుందిలే."

డిటెక్టివ్‌కు ఒళ్ళు మండింది. ఒళ్ళు మండడం ఆమెకు కొత్త కాదు. ఇరవై రెండేళ్ళు ఇంకో ఆసుపత్రి ల్యాబులో, రక్తంలో క్రిములున్నాయేమో పెంచి చూసే సీసాలతో కాపురం చేసింది. సీసాలోకి రక్తం ఎలా తియ్యాలో డాక్టర్లకూ నర్సులకూ చెప్పి చెప్పి గొంతు అరగదీసుకుంది. ఎవరూ మాట వినని ఆ ఉద్యోగం మానేసి, ఎవరూ నిజం చెప్పని ఈ ఉద్యోగంలో చేరింది. ఇప్పుడు మళ్ళీ ఆ సీసాల దగ్గరికే వచ్చి పడింది.

కేసు ఆమె నెత్తిన పెట్టింది నిందితురాలి అత్తగారు. పొద్దున్నే తలుపు కొట్టి, కూర్చోమన్నా కూర్చోకుండా చెప్పింది. "మా కోడలి నోరు మంచిది కాదండీ. నాకే రోజుకి రెండుసార్లు తలంటుతుంది. కానీ చెయ్యి మంచిది. మా ఆయనకి మూడేళ్ళు ఇంజెక్షన్లు చేసింది, ఒక్కనాడు కందలేదు. దాన్ని ఇంటికి తీసుకురండి. అది లేకపోతే ఇంట్లో నాతో పోట్లాడేవాళ్ళెవరూ లేరు" అని ఏడ్చేసింది. కోడలి కోసం ఏడ్చే అత్తగారిని చూశాక కాదనడం డిటెక్టివ్ వల్ల కాలేదు.

డిటెక్టివ్ మొదట బతికున్న ముగ్గురినీ చూసింది. ఒకాయన పేపరు చదువుతున్నాడు. ఇంకొకాయన అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటున్నాడు. మూడో ఆయన దిండు సరిగా లేదని ఆయాతో తగువు పడుతున్నాడు. మంచాలకు తగిలించిన ఫైళ్ళు తీసి తేదీలు చదివింది.

"ఏమయ్యా, ఇవి చూశావా?"

"చూశాను. మందు పనిచేసింది. తగ్గింది."

"మందు మొదలుపెట్టింది రిపోర్టు వచ్చాక. జ్వరం తగ్గింది అంతకు ముందురోజు. ముగ్గురికీ అంతే. పేజీ తిప్పితే నీ చెయ్యి నొప్పి పుడుతుందా? రక్తంలో నిజంగా క్రిమి తిరుగుతుంటే మనిషి ఇలా గడ్డం గీసుకుంటూ కూర్చోడు. వీళ్ళ ఒంట్లో ఏమీ లేదు. సీసాలోకి వెళ్ళే దారిలో ఎక్కడో అంటుకుంది."

"ఆవిడ చేతిలో అంటుకుంది అంటున్నాను నేను కూడా."

డిటెక్టివ్ చిరాగ్గా ఫైళ్ళు మళ్ళీ మంచాలకు తగిలించింది.

వార్డు చివర డ్యూటీ రూములో, గుమ్మం దగ్గర కానిస్టేబుల్ కాపలా ఉండగా, నిందితురాలు బల్ల మీద కూర్చుని ఉంది. ఒకే పోటుకు నరం పట్టుకుంటుందని వార్డంతా ఆమెను ఒక్కపోటు సిస్టర్ అంటారు. ముప్పై ఏళ్ళుంటాయి. నిద్రలేక కళ్ళు గుంటలు పడ్డాయి.

"నా చేతికి రక్తం తియ్యి. పేషెంటుకి ఎలా తీస్తావో అచ్చం అలాగే. సీసాల్లో పొయ్యి" అంది డిటెక్టివ్, ట్రాలీ లోపలికి లాగుతూ.

"మీకు జ్వరమా?"

"కాదు, చిరాకు."

"దానికి రక్తం తీస్తే తగ్గదండీ. కూర్చోండి."

తప్పు పట్టడానికే డిటెక్టివ్ కళ్ళు చిట్లించుకుని కూర్చుంది. ఒక్కపోటు సిస్టర్ చేతులు కడిగింది. పైపైన కాదు, వేళ్ళ సందుల్లోకి పోయి కడిగింది. రబ్బరు పట్టీ కట్టి, నరం వెతికి పట్టుకుని, పట్టీ వదులు చేసింది. సీలు ఉన్న స్పిరిట్ ప్యాకెట్ చింపి చర్మం గట్టిగా రుద్దింది. రుద్ది ఊరుకుంది. గోడ గడియారం వైపు చూస్తూ అర నిమిషం ఆరనిచ్చింది. తడి ఆరకముందే గుచ్చేసేవాళ్ళను డిటెక్టివ్ వందల మందిని చూసింది. ఆ ఆరే టైములోనే క్రిములు చచ్చేదని చెబితే, మీకు పనిలేదు మేడమ్ అని నవ్వినవాళ్ళను చూసింది. ఈ పిల్ల మాత్రం ఆరనిచ్చింది. తర్వాత సీసాల ప్లాస్టిక్ మూతలు ఊడదీసి, కింద ఉన్న రబ్బరు మూతుల్ని ఒక్కొక్కదాన్నీ వేరే దూదితో తుడిచింది. గ్లవ్స్ తొడుక్కుని, తుడిచిన చోటు మళ్ళీ వేలితో తడమకుండా, ఒకే పోటుకు నరంలోకి దిగింది. సిరంజిలో మిగిలిన గాలి లోపలికి పోకుండా, గాలి పడని క్రిముల సీసాలోకి ముందు, గాలి కావలసిన క్రిముల సీసాలోకి తర్వాత, చెరి పది మిల్లీలీటర్లు గీత దాకా పోసింది.

"రెండో చెయ్యి ఇవ్వండి."

"చాలు."

"చాలదండీ. రెండు చోట్ల తీస్తేనే అసలు సంగతి తెలిసేది. ఒక చోటే తీస్తే అది రక్తంలోదో చర్మం మీదిదో ఎలా చెబుతారు?"

ఇరవై రెండేళ్ళు తను అరిచిన మాటలన్నీ ఇంకొకరి నోట వింటుంటే డిటెక్టివ్‌కు మనసు నిండింది, ఆ వెంటనే నీరసం వచ్చింది. ఇంత శుభ్రంగా తీసే చెయ్యి మీదే నాలుగూ మురికి ఎలా అయ్యాయి? ఆ లెక్క తేలక, పక్క గదిలో ఉన్న ఇంకో సిస్టర్‌ను పిలిపించి అదే పని చేసి చూపించమంది.

రెండో సిస్టర్ చేతులు తడుపుకుంది. చర్మం మీద స్పిరిట్ ఒక్క గీత గీసింది. ఊఫ్ అని ఊదింది కూడా. డిటెక్టివ్ పళ్ళు కొరుక్కుంది. ఆ అమ్మాయి ప్లాస్టిక్ మూతలు ఊడదీసి, రబ్బరు మూతులు తుడవకుండానే సూది దించబోయింది.

"ఆగు! మూతులు తుడవవా?"

"ఎందుకండీ? ప్లాస్టిక్ మూత కింద శుభ్రంగానే ఉంటుందిగా."

"ఎవరు చెప్పారు నీకు? మూత దుమ్ము పడకుండా పెట్టేది. క్రిములు లేవని గ్యారంటీ కాదు."

"మేమెవరం తుడవమండీ. తనొక్కతే తుడుస్తుంది, చాదస్తం. స్పిరిట్ ప్యాకెట్లు పేషెంటుకి ఒక్కటే ఇస్తారు, అది చర్మానికే సరిపోతుంది. తనైతే ఆ జాడీలో దూది తీసుకుని మరీ తుడుస్తుంది."

డిటెక్టివ్ ట్రాలీ వైపు తిరిగింది. దాని మీద మూత పెట్టిన స్టీలు జాడీ ఉంది. పలచగా కలిపిన క్రిమిసంహారక మందులో దూది ఉండలు నానుతున్నాయి. పదకొండు మందికి రక్తం తీసినవాళ్ళు ఆ జాడీ ముట్టుకోలేదు. నలుగురికి తీసిన ఒక్కతీ ప్రతిసారీ ముట్టుకుంది. వేలితో జాడీ లోపలి అంచు తడిమితే జిగురు తగిలింది.

"అయ్యో రామా" అంది డిటెక్టివ్ పైకే. "పని ఎగ్గొట్టినవాళ్ళు తప్పించుకున్నారు. పని సరిగా చేసినదాన్ని జైల్లో పెడుతున్నారు."

జాడీ బాధ్యత పెద్ద సిస్టర్‌ది. పిలిపించగానే వచ్చింది. జుట్టు నెరిసిన, నిదానంగా మాట్లాడే మనిషి. ఇస్త్రీ మడత నలగని తెల్ల కోటు వేసుకుంది.

"ఈ జాడీ ఎవరు నింపుతారు?"

"నేనేనండీ. తగ్గినప్పుడల్లా పైనుంచి పోస్తాను."

"ఖాళీ చేసి, కడిగి, ఉడికించి?"

"మందే కదండీ. మందులో క్రిములేముంటాయి?"

"పాత మందు మీద కొత్త మందు నెలల తరబడి పోస్తుంటే, ఆ మందునే తిని బతికే క్రిములు పుడతాయి. ముప్పై ఏళ్ళు దాటిన సర్వీసులో ఈ సంగతి ఎవరూ చెప్పలేదా?"

పెద్ద సిస్టర్ మొహంలో రంగు మారలేదు. "ముప్పై ఏడేళ్ళండీ. నెలాఖరుకి రిటైరవుతున్నాను. ఒక్క మచ్చ లేదు నా మీద."

"జాడీ మీద మీకెప్పుడూ అనుమానం రాలేదా? పరీక్షకి పంపలేదా?"

"ఎప్పుడూ లేదండీ. ఎవరికీ ఆ ఆలోచనే రాలేదు. పాపం ఆ పిల్ల..." అంటూ ఒక్కపోటు సిస్టర్ వైపు జాలిగా చూసింది.

డిటెక్టివ్ జాడీని సంచిలో వేసుకుని మెట్లు దిగింది. ల్యాబ్ కింది అంతస్తులో ఉంది. టైము రెండుంబావు దాటింది. సగం మెట్ల మీద వెనకనుంచి బూట్ల చప్పుడు వినిపించింది.

"వదినా! సాక్ష్యాన్ని సంచిలో వేసుకుని ఎక్కడికి?"

"నువ్వు ఇన్ని రోజులుగా దాని పక్కనే తిరిగావు. అప్పుడు అది సాక్ష్యం అని తట్టలేదా?"

"నేను రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తాను నీ మీద."

"చెయ్యి. అక్షరదోషాలు నేను దిద్దిపెడతాను."

ల్యాబ్ టెక్నీషియన్ ఒకప్పుడు ఆమె దగ్గర పని నేర్చుకున్నవాడు. అప్పటికీ ఇప్పటికీ తల మీద జుట్టొక్కటే తగ్గింది. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. సంచిలోంచి జాడీ బయటికి తియ్యగానే మొహం చిట్లించాడు.

"ఇదే జాడీ మళ్ళీనా మేడమ్?"

డిటెక్టివ్ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. "మళ్ళీ అంటే?"

అతను రిజిస్టర్ తెరిచి వేలు పెట్టి చూపించాడు. పన్నెండో తారీఖు, మగవాళ్ళ వార్డు, స్టీలు జాడీలోని దూది. పెరిగింది అదే క్రిమి. రిపోర్టు చేతికి ఇచ్చింది పద్నాలుగో తారీఖు ఉదయం తొమ్మిదుంబావుకి. పంపినట్టూ, అందుకున్నట్టూ పెద్ద సిస్టర్ సంతకాలే.

"మరి నువ్వెందుకు నోరు విప్పలేదు?" ఆమె గొంతు పైకి లేచింది.

"పై వాళ్ళకి తను చెబుతానంది మేడమ్. జాడీ మార్చేశాం అని కూడా చెప్పింది."

"మార్చేశారా! ఇదిగో, నీ ముందే ఉంది!"

ఇన్‌స్పెక్టర్ రిజిస్టర్ మీదికి వంగాడు. మొదటిసారి అతని మొహంలో అనుమానం కనిపించింది. అయినా వెంటనే తల ఎత్తి, "సరే. జాడీ మురికిది. ఆ పిల్ల తుడిచింది, సీసాలు పాడయ్యాయి. అయితే పెద్దాయన కూడా క్రిమి లేకుండానే చచ్చిపోయాడా? అది చెప్పు" అన్నాడు.

ప్రశ్న సరైనదే. మరిది అడిగాడని దాన్ని తీసిపారెయ్యడానికి లేదు. డిటెక్టివ్ టెక్నీషియన్ వైపు తిరిగింది. "సీసాలు పెట్టే మిషను, ఏ సీసాలో క్రిమి పెరిగిందని ఎన్ని గంటలకు కూసిందో రాసిపెడుతుంది కదా. నాలుగూ చదువు."

"మొదటి పేషెంటు, ముప్పై నాలుగు గంటలు. నాలుగు సీసాల్లో ఒక్కటే. రెండో పేషెంటు, ముప్పై ఎనిమిది, ఒక్కటే. మూడో ఆయన ముప్పై ఒకటి, రెండు సీసాలు." అతను పేజీ తిప్పాడు. "ఆరో నంబరు మంచం పెద్దాయన, తొమ్మిది గంటలు. రెండు చేతులవీ, నాలుగు సీసాలూ."

"ఏమిటి దీని అర్థం?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మూతి మీద అంటినవి నాలుగైదు క్రిములుంటాయి. అవి పెరిగి మిషనుకు తెలియాలంటే ఒకటిన్నర రోజు పడుతుంది. తొమ్మిది గంటల్లో నాలుగూ కూశాయంటే రక్తం నిండా ఉన్నాయి. ఆ ముగ్గురిదీ పొరపాటు. పెద్దాయనది పొరపాటు కాదు. ఆయనకి ఎవరో నిజంగానే ఎక్కించారు."

"మరింకేం! ఆ రక్తం తీసింది కూడా ఆ పిల్లేగా?"

డిటెక్టివ్ తల పట్టుకుంది. రెండు గంటలుగా తను కట్టిన గోడ తన మీదే పడేలా ఉంది. కోడల్ని ఇంటికి తీసుకురండి అన్న ముసలావిడ గొంతు చెవిలో మోగింది. ఆమె కుర్చీ లాక్కుని, ఇన్‌స్పెక్టర్ బ్యాగులోంచి పెద్దాయన ఫైలు తీసి ముందు వేసుకుంది. ఒక్కో టైమూ పైకి చదివింది.

"పద్నాలుగో తారీఖు. ఉదయం పది పదికి సెలైన్ పెట్టారు. పది నలభైకి వణుకు, జ్వరం. రక్తం తియ్యమని డాక్టరు పదకొండుకి రాస్తే, పొద్దుటి డ్యూటీలో ఎవరూ తియ్యలేదు. మధ్యాహ్నం రెండూ ఇరవైకి మన అమ్మాయి వచ్చి తీసింది. ఆవిడ డ్యూటీకి ఎన్నింటికి వచ్చింది?"

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి నోటుబుక్కు తీశాడు. ఒక పేజీ మీద వేలు ఆనించాడు. "ఒకటీ యాభై అయిదు."

"వణుకు పుట్టిన మూడు గంటల తర్వాత వచ్చిన మనిషి, వణుకు పుట్టించేది ఎలా ఎక్కిస్తుంది? నువ్వు రక్తం ఎవరు తీశారో చూశావు. సెలైన్ ఎవరు పెట్టారో చూడలేదు." ఆమె ఫైలు అతని కళ్ళ ముందుకు తోసింది. పది పది గళ్ళో ఉన్న సంతకం, రిజిస్టర్‌లో ఉన్న సంతకం, ఒకే చేతివి.

"తొమ్మిదుంబావుకి జాడీ విషమని తెలిసింది. పది పదికి పెద్దాయనకి సెలైన్. కానీ ఆయన మీద పెద్ద సిస్టర్‌కి పగేమిటి?"

ఇన్‌స్పెక్టర్ ఇబ్బందిగా కదిలాడు. "ఆయన్ని అందరూ ఫిర్యాదుల తాత అనేవాళ్ళు. దిండు కింద కాగితాల కట్ట దొరికింది. ఇరవై మూడు ఫిర్యాదులు. టీ చల్లగా ఉందని, ఫ్యాను కీచుమంటోందని... అవన్నీ ఎవడు చదువుతాడు?" అంటూ బ్యాగులోంచి కట్ట తీసిచ్చాడు.

డిటెక్టివ్ అన్నిటికన్నా పై కాగితం చదివింది. పదమూడో తారీఖు. 'వార్డులో స్టీలు జాడీ కడగకుండా పైనుంచి మందు పోస్తున్నారు. మూడుసార్లు నా కళ్ళతో చూసి, పెద్ద సిస్టర్‌కు చెప్పాను. వినలేదు. రేపు సూపరింటెండెంటు గారు రౌండుకు వచ్చినప్పుడు ఈ కాగితం వారి చేతికే ఇస్తానని ఆవిడకి చెప్పాను.'

"ఒక్క మచ్చ లేదు అంది నాతో" అంది డిటెక్టివ్ మెల్లగా. ఆమె కాగితం బల్ల మీద పడేసి లేచింది. "ఆ అమ్మాయి ఎక్కడుంది ఇప్పుడు?"

"డ్యూటీ రూములోనే. నువ్వు కిందికి రాగానే కళ్ళు తిరిగి పడిపోయింది. నిన్నటి నుంచి ఏమీ తినలేదట. కానిస్టేబుల్ ఉన్నాడులే. పెద్ద సిస్టర్ పాపం తనే సెలైన్..."

అతని మాట పూర్తి కాలేదు. ఇద్దరూ ఒకేసారి తలుపు వైపు పరుగెత్తారు. మోకాళ్ళ నొప్పి సంగతి డిటెక్టివ్‌కు మూడో మెట్టు మీద గుర్తొచ్చింది, నాలుగో మెట్టు మీద మర్చిపోయింది.

డ్యూటీ రూములో ఒక్కపోటు సిస్టర్ బల్ల మీద పడుకుని ఉంది. ఎడమ చేతికి సెలైన్ గొట్టం. పెద్ద సిస్టర్ పక్కనే నిలబడి దుప్పటి సర్దుతోంది. కానిస్టేబుల్ లేచి సెల్యూట్ చేశాడు.

"ష్, ఇప్పుడే కళ్ళు మూసింది" అంది పెద్ద సిస్టర్.

డిటెక్టివ్ ఆమెను తప్పించుకుని వెళ్ళి గొట్టం బిగించేసింది. సీసాలో సగం అయిపోయింది. రబ్బరు మూతి మీద గొట్టం దిగిన చోటు కాక ఇంకొక సన్నటి సూదిపోటు ఉంది, దాని చుట్టూ ఇంకా తడి ఆరలేదు. పక్క ట్రేలో, ఒక్కపోటు సిస్టర్ ఇందాక మూతులు తుడిచి పడేసిన జాడీ దూది పిండి పెట్టి ఉంది. ఇన్‌స్పెక్టర్ ఆ చుక్కను చూశాడు. వెళ్ళి పెద్ద సిస్టర్ ముంజెయ్యి పట్టుకున్నాడు.

"తప్పు చేసిన పిల్ల తనంతట తనే గుచ్చుకుందని రాసుకోవచ్చు కదండీ మీరు" అంది పెద్ద సిస్టర్, అదే నిదానంతో. "నాకు ఇంకా పదకొండు రోజులే ఉన్నాయి."

దుప్పటి కింద ఒక్కపోటు సిస్టర్ ఒళ్ళు వణకడం మొదలుపెట్టింది. పళ్ళు టకటకలాడుతున్నాయి. డాక్టర్ని పిలుచుకురమ్మని కానిస్టేబుల్‌ను తరిమి, డిటెక్టివ్ చేతులు కడుక్కుని, సీలున్న ప్యాకెట్లు నాలుగు జేబులో కుక్కుకుని, కొత్త సీసాలు అందుకుని, దగ్గరగా ఉన్న ఎడమ చేతికి రబ్బరు పట్టీ చుట్టబోయింది.

"ఆ చెయ్యి కాదండీ!" కళ్ళు తెరవకుండానే అరిచింది ఒక్కపోటు సిస్టర్. "సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచి తీస్తారా ఎవరైనా? నీళ్ళు కలిసిపోవూ? ఇన్నేళ్ళూ ఏం వెలగబెట్టారు?" వణుకుతూనే కుడి చెయ్యి చాచింది. "డాక్టరుగారొచ్చి మందు పొడవకముందే తియ్యండి. మందు పడితే సీసాలో ఏమీ పెరగదు. నేను చచ్చినా బతికినా ఆ సీసాలు నిజం చెప్పాలి. మా అత్తయ్యకి చూపించాలి."

"నోరు ముయ్యి. నువ్వే చూపిద్దువుగాని" అంది డిటెక్టివ్.

పట్టీ బిగించి మోచేతి మడతలో వేలు పెట్టింది. నరం తగల్లేదు. ఒత్తిడి పడిపోతున్న ఒంట్లో నరాలు లోపలికి పోతున్నాయి. పైకి జరిపింది, పక్కకు జరిపింది. లేదు.

"లోపలి వైపుకి... ఇంకాస్త కిందికి..." అంది ఒక్కపోటు సిస్టర్. "అక్కడ... అక్కడే..."

డిటెక్టివ్ వేలి కింద నరం దొరికింది. దొరికిందని చెప్పడానికి తల ఎత్తితే, వినేందుకు ఆ పిల్లకు స్పృహ లేదు.